తోడు వెయ్యని ట్యాంకు: నాసిక్‌లో ఒక షిరాజ్ కేస్ స్టడీ

మార్చి మొదటి వారం, పొద్దున ఆరున్నర. మా సెల్లార్‌లో ట్రైనీగా ఉన్న గుంటూరు అమ్మాయి హైడ్రోమీటర్ సిలిండర్‌ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

“సార్, నిన్న 3. ఇవాళ కూడా 3.”

“గొట్టాన్ని ఒకసారి తిప్పి చూడమ్మా, బుడగలు అంటుకుని ఉంటాయి.”

తిప్పింది. అంటుకోవడానికి బుడగలుంటే కదా. అసలు సమస్యే అది.

వైన్ పనిలో ఉన్నవాళ్లకి ఇంతకుమించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం రెండు ముక్కలు. ద్రాక్షరసంలో తీపిని హైడ్రోమీటర్‌తో బ్రిక్స్‌లో కొలుస్తాం. ఈస్ట్ చక్కెర తిని ఆల్కహాల్ చేస్తున్నకొద్దీ ఆ అంకె రోజూ దిగుతూ రావాలి. ఆల్కహాల్ నీటికన్నా తేలిక కాబట్టి, తీపి పూర్తిగా అయిపోయిన వైన్‌లో అంకె సున్నా కూడా దాటి మైనస్ ఒకటిన్నర దాకా పోతుంది. మా షిరాజ్ (ఎర్ర వైన్ ద్రాక్షలో ఒక రకం) 25.8 దగ్గర బయల్దేరి, పదో రోజుకి 3కి వచ్చి, అక్కడే కూర్చుంది. ఈస్ట్ పని మానేసింది, చక్కెర మిగిలిపోయింది. ఐదు టన్నుల ద్రాక్ష, అంటే దాదాపు 4,500 సీసాల సరుకు, ఇటు వైనూ కాకుండా అటు రసమూ కాకుండా ఆగిపోయింది.

ఈ ట్యాంకు ఎందుకు ఆగింది, ఎలా కదిలింది, తర్వాత ఏం మార్చుకున్నాం అన్నదే ఈ కేస్. తప్పుల్లో పెద్ద వాటా నాదే కాబట్టి దాచకుండా రాయడం తేలిక.

చవగ్గా, పాత పద్ధతిలో

మా వైనరీ నాసిక్ జిల్లాలో దిండోరి వైపు ఉంది. చిన్నది. సీజన్‌కి అరవై టన్నుల ద్రాక్ష దాటదు. ఆ ప్రాంతంలో పెద్ద పేర్లు చాలా ఉన్నాయి. 2000లో సులా తన మొదటి వైన్లు బయటికి తెచ్చాక నాసిక్ అంటే వైన్ అన్న పేరు స్థిరపడింది. అలాంటివాళ్ల పక్కన మాలాంటివాళ్లు బతకాలంటే ఒకటే దారి: సామాన్యుడు కొనగలిగే ధరలో, ఒకే రకం ద్రాక్షతో, శుభ్రమైన వైన్. ఇలా సీసా మీద ద్రాక్ష పేరు వేసి అమ్మేదాన్ని వెరైటల్ వైన్ అంటాం. ఆ పేరు వెయ్యాలంటే అమెరికాలో కనీసం 75 శాతం అదే రకం ఉండాలి, యూరప్‌లో 85 శాతం. ఎప్పటికైనా బయటికి పంపుతామేమో అన్న ఆశతో మేం మొదటి నుంచీ 85నే గీతగా పెట్టుకున్నాం.

పాత పద్ధతి అన్నది మాకు మొదట్లో సిద్ధాంతం కాదు, లెక్క. 225 లీటర్ల ఫ్రెంచి ఓక్ పీపా ఒకటి దిగుమతి పన్నులతో కలిపి మాకు లక్ష రూపాయలకి అటూ ఇటూ పడుతుంది. అందులో పట్టేది 300 సీసాల వైన్. నాలుగేళ్లు వాడినా సీసాకి ఎనభై రూపాయలు పైన తేలుతుంది. ఆ ఏడాది షిరాజ్‌కి మేం రైతుకి ఇచ్చింది కిలోకి 45. సీసాలోకి వెళ్లే ద్రాక్ష ఖరీదు యాభై రూపాయలు. లోపలి సరుకు కంటే పీపా ఖరీదైతే ఇక చవక వైన్ ఏముంటుంది? అందుకని పీపాలు వద్దనుకున్నాం. చల్లబరిచే జాకెట్లున్న పెద్ద స్టీలు ట్యాంకులు తెల్ల వైన్లకే పెట్టాం. ఎర్ర వైన్లకి మేస్త్రీతో సిమెంటు తొట్లు కట్టించాం, పైన తెరిచి ఉండేవి. లోపలి గోడలకి టార్టారిక్ ఆమ్లం నీళ్లు నురగ రావడం ఆగేదాకా విడతలు విడతలుగా పూశాం. లేకపోతే సిమెంటులోని సున్నం వైన్ పులుపుని తినేస్తుంది. పిండడానికి కర్ర బద్దల బుట్ట ప్రెస్. తెట్టు ముంచడానికి మనుషులు.

తెట్టు గురించి ఒక మాట. ఎర్ర వైన్ తొక్కలతో సహా పులుస్తుంది. రంగు తొక్కలోదే, వగరు తొక్కల్లోంచీ గింజల్లోంచీ వస్తుంది. పులిసేటప్పుడు పుట్టే గ్యాస్ ఆ తొక్కల్ని పైకి నెట్టి, మందంగా గట్టి తెట్టు కట్టిస్తుంది. దాన్ని రోజుకి మూడు నాలుగు సార్లు పొడుగు కర్ర పారతో కిందికి ముంచాలి. ముంచకపోతే పైన ఎండి, పుల్లబడి, చిన్న ఈగలు ముసిరి, మొత్తం ట్యాంకుని వెనిగర్ దారి పట్టిస్తుంది. పెద్ద వైనరీల్లో ఈ పని పంపులు చేస్తాయి. మా దగ్గర ఒక కాకా చేస్తాడు. యాభై ఐదేళ్ల మనిషి, ట్యాంకు అంచు మీద పలక వేసుకుని నిలబడి, ఆయన ముంచుతుంటే చూస్తూ కూర్చోవచ్చు.

(మేం ట్యాంకులు కడిగే నీళ్లు గోదావరివి. త్రయంబకంలో పుట్టిన నది పక్కనే గంగాపూర్ డ్యాముకొచ్చి ఆగుతుంది. మా రాజమండ్రి బంధువులకి ఈ సంగతి చెబితే నది మొత్తం నేనే పాడుచేస్తున్నట్టు చూశారు. కడిగిన నీళ్లు శుద్ధి చేసే ప్లాంటుకే పోతాయి, కంగారు పడకండి.)

ఆరు రోజుల ఆలస్యం

నాసిక్‌లో ద్రాక్ష క్యాలెండర్ యూరప్‌కి తిరగేసినట్టుంటుంది. అక్కడ చలికి తీగ ఆకులు రాల్చి నిద్రపోతుంది. ఇక్కడ నిద్రపోదు, మనమే కత్తెర పట్టుకుని చెప్పాలి. ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, దాన్ని ఖరడ్ ఛాటణీ అంటారు, అది కొత్త కొమ్మల కోసం. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇంకోటి, అది కాయ కోసం. కోత జనవరి నుంచి మార్చి దాకా. యూరప్‌లో కాయ పండేకొద్దీ వాతావరణం చల్లబడుతుంది, ఇక్కడ పండేకొద్దీ వేడెక్కుతుంది. అంటే మనకి ఆలస్యం క్షమించదు. ఫిబ్రవరి ఆఖర్లో ఒక్కో రోజూ తీపి ఎగబాకుతుంది, పులుపు జారిపోతుంది.

ఆ తోట మీద మా లెక్క 24 బ్రిక్స్‌కి కొయ్యాలని. సరిగ్గా ఆ వారమే కూలీలు దొరకలేదు, క్రేట్లూ దొరకలేదు. నాసిక్‌లో ఫిబ్రవరి అంటే తినే ద్రాక్ష ఎగుమతి సీజన్. థాంప్సన్ అనే ఆ తినే రకం కోతకి ఇచ్చే కూలి మేం ఇవ్వలేం. రైతు ఫోన్ చేసి, “సాహెబ్, మనుషులు సోమవారం వస్తారు” అన్నాడు. సోమవారం రాలేదు, గురువారం వచ్చారు. మొత్తం ఆరు రోజులు. తెల్లవారుజామున కొయ్యాల్సిన కాయ ఎండెక్కేదాకా కోసి, లారీ మా గేటు దగ్గరికి వచ్చేసరికి పదకొండైంది. తొక్కిన ద్రాక్ష ట్యాంకులో పడేటప్పుడే 29 డిగ్రీల వేడి ఉంది. బ్రిక్స్ 25.8. పీహెచ్ 3.85.

పులుపు తగ్గేకొద్దీ పెరిగే ఈ పీహెచ్ అంకెని తేలిగ్గా తీసుకోకూడదు. చెడు బాక్టీరియాని అదుపులో పెట్టడానికి మనం వేసే సల్ఫర్ డయాక్సైడ్‌లో నిజంగా పనిచేసే భాగం చాలా చిన్నది, అది పీహెచ్‌ని బట్టి మారుతుంది. 3.3 దగ్గర వందలో మూడు పాళ్లు పనిచేస్తే 3.8 దగ్గర ఒక పాలే పనిచేస్తుంది. అదే రక్షణ కావాలంటే మూడింతలు వెయ్యాలి. లీటరుకి ఒకటిన్నర గ్రాముల టార్టారిక్ ఆమ్లం వేసి పీహెచ్‌ని 3.7 దాకా దింపాం. ఆ సల్ఫర్ డయాక్సైడ్‌ని ఇచ్చే సల్ఫైట్ మాత్రం కొద్దిగానే వేశాం, ఎందుకంటే ఆ ట్యాంకులో నేను ఈస్ట్ వెయ్యదలుచుకోలేదు.

ఇక్కడే నా పొగరు. తొక్క మీద, సెల్లార్ గోడల మీద ఉండే సహజమైన ఈస్ట్‌లతోనే పులియనిద్దాం అనుకున్నాను. అంతకుముందు ఏడాది చిన్న తొట్టిలో అలా చేస్తే బ్రహ్మాండంగా వచ్చింది. చిన్న తొట్టిలో అదృష్టంగా జరిగినదాన్ని పద్ధతి అనుకున్నాను.

మూడో రోజుకి పులియడం మొదలైంది. ఐదో రోజు తెట్టు ముంచగానే కుళ్లిన గుడ్డు వాసన గుప్పుమంది. ఇది పుస్తకాల్లో మొదటి పేజీలో ఉండే సంకేతం: ఈస్ట్‌కి నత్రజని చాలక ఆకలితో ఉందని. నాకు తెలుసు. తెలిసీ, రసాన్ని కింద వాల్వ్ నుంచి బకెట్లలోకి ధారగా పట్టి గాలి తగిలించి, మళ్లీ పైన పోయించాను. వాసన పోయింది. వాసన పోతే ఆకలి తీరినట్టే అనుకున్నాను.

ఆరో రోజు మధ్యాహ్నం కాకా తెట్టులో మోచేతి దాకా చెయ్యి పెట్టి, వెంటనే తీసేసి, “సాహెబ్, పైన కాలుతోంది” అన్నాడు. నా చార్టులో 30 డిగ్రీలని రాసి ఉంది. ఎందుకుండదు? నా థర్మామీటర్ కింద వాల్వ్ దగ్గరుంది. పొడుగు కాడ థర్మామీటర్ తెచ్చి తెట్టు మధ్యలో గుచ్చితే 37. వేడి ఎక్కువగా తొక్కల్లోనే చేరుతుంది, మందపాటి సిమెంటు గోడ దాన్ని బయటికి పోనివ్వదు. ఉన్న ఒక్క చిల్లర్ తెల్ల వైన్ షెనిన్ బ్లాంక్‌ని 15 డిగ్రీల దగ్గర పట్టి ఉంచడానికే సరిపోతోంది. ఊళ్లోంచి ఐస్ దిమ్మెలు తెప్పించి, మూత గట్టిగా ఉన్న స్టీలు పాల క్యాన్లలో నింపి, తాళ్లు కట్టి ట్యాంకులోకి దించాం. రాత్రి పదికి 31కి వచ్చింది. కానీ ఆల్కహాల్ పెరిగాక తగిలిన వేడిదెబ్బ నుంచి ఈస్ట్ తేరుకోదు. తర్వాతి రోజుల్లో అంకెలు 6, 4, 3.

ఆ వారంలోనే రైతు వచ్చి తన జేబులోని రిఫ్రాక్టోమీటర్‌తో ఒక చుక్క చూసి, “ఇంకా 11 ఉంది కదా” అని కంగారుపడ్డాడు. అది తోటలో కాయ తీపి చూడటానికి వాడే పరికరం. ఆల్కహాల్ కలిసిన రసంలో అది ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. అదొక్కటే ఆ వారంలో నేను ఎవరికైనా ధైర్యంగా చెప్పగలిగిన మాట.

ఏం తప్పిందో వెతకడం

ల్యాబ్‌లో ఫెహ్లింగ్ ద్రావణంతో టైట్రేషన్ చేస్తే మిగిలిన చక్కెర లీటరుకి 41 గ్రాములు. ఆల్కహాల్ 12 శాతం దాటింది. వోలటైల్ ఆసిడిటీ, అంటే వెనిగర్ పులుపు, లీటరుకి 0.45 గ్రాములు. రెండు రోజుల తర్వాత 0.52. ఇది పెరగడం అసలు భయం. చక్కెర ఉంది, పీహెచ్ ఎక్కువ, బయట 36 డిగ్రీల ఎండ, ఈస్ట్ చేతులెత్తేసింది. లాక్టిక్ బాక్టీరియాకి ఇంతకన్నా పెళ్లిభోజనం ఉండదు. అవి చక్కెర తింటే వచ్చేది వెనిగర్.

కోత రోజు రసంలోంచి ఒక చిన్న సీసా తీసి ఫ్రీజర్‌లో పెట్టే అలవాటు మాకుంది. ఎవరూ ఎప్పుడూ దాన్ని మళ్లీ ముట్టుకోరు. ఈసారి కరిగించి ఫార్మాల్ టైట్రేషన్ చేశాం. ఖరీదైన యంత్రం అక్కర్లేదు, ఫార్మలిన్, కాస్టిక్ సోడా, పీహెచ్ మీటర్ ఉంటే చాలు. ఈస్ట్ తినగలిగే నత్రజని లీటరుకి 110 మిల్లీగ్రాములు తేలింది. మామూలు తీపికే 150 దాకా కావాలి. 25 బ్రిక్స్ దాటిన రసానికి రెండొందలు పైన ఉంటేనే నిశ్చింత.

ఎందుకింత తక్కువ? మేమే చెప్పాం కాబట్టి. దిగుబడి తగ్గించమని, నీళ్లు, యూరియా తగ్గించమని రైతుని రెండేళ్లుగా పోరుతున్నాం. ఇది రైతుకి ఎంత కష్టమైన మాటో నాకు తెలుసు. మాది మేడ్చల్ వైపు. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహీ పందిళ్లుండేవి. ఎకరానికి ఎన్ని టన్నులు దించాం అన్నదే అక్కడ గొప్ప. తినే ద్రాక్షకి అది చెల్లుతుంది, కాయ పెద్దది, రసం పలచన, ధర తూకానికి. వైన్ ద్రాక్షకి గుత్తులు తక్కువుంటేనే రుచి చిక్కన. మా రైతు నమ్మి తగ్గించాడు. నత్రజని కూడా దాంతోపాటే తగ్గింది, మేం కొలవలేదు. కొలవాలంటే అరగంట పని.

అంటే ఆకలితో ఉన్న ఈస్ట్, దానికి మోయలేనంత చక్కెర, నెత్తిన 37 డిగ్రీల కుంపటి. ఒక్కొక్కటి విడిగా వస్తే ట్యాంకు గట్టెక్కేదేమో. మూడూ కలిసొచ్చాయి.

మూడు దారులు, అందులో రెండు చెడ్డవి

మా ఓనర్ ఆలోచన మొదటిది. “స్వీట్ రెడ్ అని లేబుల్ వేసి అమ్మేద్దాం. మనవాళ్లకి తీపే కదా ఇష్టం.” తీసిపారేసే మాట కాదు. పోర్ట్ అన్న పేరుతో తియ్యటి ఎర్ర వైన్ మన దేశంలో ఎన్నో ఏళ్లుగా అమ్ముడవుతోంది. మన ఊళ్లలో అయితే ‘వైన్స్’ అన్న బోర్డు కింద వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి, దొరికే ఒక్క వైనూ తియ్యటిదే. కానీ 41 గ్రాముల చక్కెరతో సీసా కట్టాలంటే అందులో ఒక్క ఈస్ట్ కణం కూడా మిగలకుండా వడగట్టాలి. ఆ స్థాయి ఫిల్టర్ మా దగ్గర లేదు. లేకుండా కడితే, మే నెలలో లారీలో నాసిక్ నుంచి హైదరాబాద్ వచ్చేలోపు సీసాల్లో మళ్లీ పులవడం మొదలై కార్కులు లేస్తాయి. పొటాషియం సోర్బేట్ వేస్తే ఈస్ట్ పెరగదు నిజమే, కానీ లాక్టిక్ బాక్టీరియా ఉన్న వైన్‌లో సోర్బేట్ పడితే జెరేనియం ఆకు నలిపిన వాసన వస్తుంది. అది ఒకసారి వచ్చిందంటే ఇక పోదు.

రెండోది, పక్క ట్యాంకులో చక్కగా పూర్తయిన క్యాబర్నేలో (ఇంకో ఎర్ర రకం) కలిపేయడం. 15 శాతం దాటితే దాని పేరు పోతుంది. పైగా ఆరోగ్యంగా ఉన్నదానికి జబ్బు అంటించినట్టు.

మూడోది మళ్లీ పులియబెట్టడం. ఇందులోనూ తొందరపాటు దారి ఒకటుంది: ఆగిన ట్యాంకులో నత్రజని కోసం డీఏపీ కుమ్మరించి, పొట్లం ఈస్ట్ చల్లి దేవుడికి దణ్ణం పెట్టడం. 12 శాతం ఆల్కహాల్‌లో ఈస్ట్ నత్రజనిని దాదాపు తీసుకోలేదు. అప్పుడు వేసిన డీఏపీ చేతులు కాలాక పట్టుకున్న ఆకులే. మిగిలిపోయి చెడు సూక్ష్మజీవులకి మేతవుతుంది. ఇక మామూలు నీళ్లలోంచి తీసి నేరుగా 12 శాతంలో పడేసిన కొత్త ఈస్ట్ గంటల్లో చచ్చిపోతుంది.

మేం చేసింది ఇది. పన్నెండో రోజున తొక్కల నుంచి వేరు చేసి, బుట్ట ప్రెస్‌లో మెల్లగా పిండాం. 3,400 లీటర్లు వచ్చింది. చనిపోయిన ఈస్ట్ కణాల పైపొరలతో చేసిన పొడి ఒకటి దొరుకుతుంది. ఈస్ట్ కష్టంలో ఉన్నప్పుడు వదిలే కొవ్వు ఆమ్లాలు తర్వాత వచ్చే ఈస్ట్‌కి విషం. ఈ పొడి వాటిని పీల్చుకుంటుంది. లీటరుకి పావు గ్రాము చొప్పున 850 గ్రాములు వేసి కలిపి, రెండు రోజులు తేరనిచ్చి, పైది స్టీలు ట్యాంకులోకి తోడుకున్నాం, మడ్డి పారబోశాం. బాక్టీరియా నెమ్మదించడానికి కొంచెం సల్ఫైట్. ఎక్కువ వేస్తే కొత్త ఈస్ట్‌కే దెబ్బ.

తర్వాత ఆల్కహాల్‌ని తట్టుకునే బయానస్ రకం ఈస్ట్ కిలోన్నర తీసుకుని, 40 డిగ్రీల నీళ్లు 15 లీటర్లలో ఇరవై నిమిషాలు నానబెట్టాం. ఒక టబ్బులో 85 లీటర్ల ఆగిన వైన్, అంతే నీళ్లు, తీపి 5 బ్రిక్స్ వచ్చేలా చక్కెర, కాస్త ఈస్ట్ మేత కలిపి అందులో దీన్ని వదిలాం. టబ్బులో తీపి సగానికి దిగగానే ఇంకొంత ఆగిన వైన్. అది సగానికి దిగితే ఇంకొంత. ప్రతిసారీ రెండిటి వేడి దగ్గరదగ్గరగా ఉండేలా చూడాలి, తేడా పది డిగ్రీలు దాటితే ఈస్ట్ అదిరిపడుతుంది. ఇలా మెట్టు మెట్టుగా ఆల్కహాల్‌కి అలవాటు చేసుకుంటూ మూడు రోజుల్లో మొత్తం 3,400 లీటర్లకి తీసుకొచ్చాం. అప్పటికి షెనిన్ పని అయిపోవడంతో చిల్లర్ ఖాళీ అయింది, ట్యాంకుని 24 డిగ్రీల దగ్గర పెట్టాం.

టబ్బు దగ్గర రెండో రాత్రి డ్యూటీ మా ట్రైనీదీ నాదీ. నురగ చూస్తూ ఆ అమ్మాయి అంది: “సార్, పెరుగుకి మనం తోడు వేస్తాం కదా. పాలని గాలికి వదిలేసి తోడుకుంటుందేమో అని చూడం కదా. మరి దీన్ని అలా ఎందుకు వదిలేశాం?”

నా దగ్గర జవాబు లేదు.

అంకె కదలడం నాలుగో రోజు కనిపించింది: 2.6. ఆ తర్వాత నత్త నడక. మిగిలిన చక్కెరలో ఎక్కువ భాగం ఫ్రక్టోజ్. ఈస్ట్ ముందు గ్లూకోజ్ తినేసి ఫ్రక్టోజ్‌ని ఆఖరికి పెట్టుకుంటుంది, బలం తగ్గాక అది తినలేక ఆగుతుంది. పదకొండు రోజులు పట్టింది. ఆఖరికి చక్కెర లీటరుకి 3 గ్రాములు, ఆల్కహాల్ 14.3 శాతం, వోలటైల్ ఆసిడిటీ 0.68.

లెక్క

ఈస్ట్, పొడి, కరెంటు, రాత్రి డ్యూటీలు అన్నీ కలిపితే సీసాకి పది రూపాయల లోపే. ఇది చూసి మా ఓనర్ కుదుటపడ్డాడు. నేను పడలేదు, అసలు నష్టం ఆ కాగితం మీద లేదు. మూడు వారాలు ఒక తొట్టి, ఒక స్టీలు ట్యాంకు ఇరుక్కుపోవడంతో రెండో క్యాబర్నే లోడుకి చోటు లేక, పక్క తొట్టిని నాలుగు రోజులు ముందే పిండాల్సొచ్చింది. ఆ వైన్ పలచగా వచ్చింది. ఆరు రోజుల ఆలస్యం ఇలా తోట నుంచి తొట్టికి, ఒక తొట్టి నుంచి ఇంకో తొట్టికి పాకింది.

బతికించిన షిరాజ్ రుచి ఎలా ఉందంటే, పాడవలేదు, కానీ ముసలిదైంది. ఎండుద్రాక్ష వాసన, గొంతులో మంట. అదృష్టం కొద్దీ ఇంకో చిన్న తోట నుంచి 22.5 బ్రిక్స్‌కే తొందరగా కోసిన షిరాజ్ ఒక తొట్టి ఉంది. అది పుల్లగా, పలచగా, ఎవరికీ నచ్చకుండా పడి ఉంది. రెండిటినీ రకరకాల పాళ్లలో గ్లాసుల్లో కలిపి చూసుకుని, సగానికి సగం దగ్గర ఆగాం. ఇటు మంట తగ్గింది, అటు ఒళ్లొచ్చింది. రెండూ షిరాజే కాబట్టి పేరుకీ ఇబ్బంది లేదు. మిగిలింది వైనరీకి వచ్చేవాళ్లకి లూజుగా, తక్కువ ధరకి పోసి అమ్మాం.

మొదట్లోనే పొట్లం ఈస్ట్ వేసుంటే? ఐదు టన్నులకి కిలోకి పైన పడుతుంది, సీసాకి రూపాయి చిల్లర. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్న. తెల్ల వైన్లకి మేం పొట్లమే వాడతాం, అక్కడ నాకు పట్టింపు లేదు. షిరాజ్‌లో సొంత ఈస్ట్‌తో వచ్చేది నోట్లో ఇంకాస్త గుండ్రంగా ఉంటుందని నా నమ్మకం. అయితే గ్లాసుల మీద పేర్లు దాచి పోస్తే ఒకసారి నేనే తప్పు చెప్పాను, అది కూడా రాయాలి. ఇంకో సంగతి, సెల్లార్‌లో పొట్లం ఈస్ట్‌లు ఏళ్ల తరబడి వాడాక అవి గోడల్లో, పైపుల్లో కాపురం పెడతాయి. ‘సహజంగా’ పులిసింది అని మనం మురిసిపోయేదాంట్లో వాటి వాటా ఎంతో చెప్పలేం. అందుకే మా లేబుల్ మీద ఆ మాట వెయ్యం.

తర్వాతి సీజన్

తోడు వేశాం. ఫ్రెంచివాళ్లు దీన్ని పియె ద కూవ్ అంటారు, ఎప్పటి నుంచో చేస్తున్నారు. ట్రైనీ మాటతో నాకు గుర్తొచ్చిందంటే నా చదువు ఎంతవరకు పనికొచ్చిందో తెలుస్తోంది.

కోతకి ఐదు రోజుల ముందు అదే తోటలో తెల్లవారుజామున, మచ్చలేని గుత్తులు ఏరి, మూడు టబ్బులకి సరిపడా కోశాం. ఒక్కో టబ్బులో యాభై అరవై కిలోలు. కాళ్లు శుభ్రంగా కడుక్కుని తొక్కాం, చిటికెడు సల్ఫైట్ వేశాం, గుడ్డ కప్పి 25 డిగ్రీల గదిలో పెట్టాం. మూడో రోజు నుంచి వాసన పరీక్ష. ఒకటి నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన కొట్టింది. దాన్ని ఆలోచించకుండా ఎరువు గోతిలో పారబోశాం. మిగతా రెండిట్లో ఒకటి తాజా రొట్టె వాసనతో చురుగ్గా నురగ కడుతోంది. రెండోదాంట్లోంచి కూడా ఉలవచారు కాగుతున్నట్టు ఏదో వాసన. ఘోరమేం కాదు, కానీ 4,500 సీసాల్లో అది ఉండటం నాకిష్టం లేదు. మంచి టబ్బుని ఇంకొంత తాజా రసంతో పెంచి, ఐదో రోజుకి 120 లీటర్లు చేసి, ట్యాంకులో ద్రాక్ష పడుతుండగానే పోశాం. సాయంత్రం పోస్తే మర్నాటి పొద్దున్నకి తెట్టు లేచింది. మూడు రోజులు ఎదురుచూసే పని లేదు, ఆ మూడు రోజుల్లో చెడ్డవి చొరబడే సందూ లేదు.

నత్రజని కోతకి ముందే కొలిచాం: 160. తీపిలో మూడో వంతు దిగాక, అంటే ఈస్ట్ ఇంకా తినగలిగే స్థితిలో ఉండగానే, లీటరుకి పావు గ్రాము డీఏపీ వేశాం. దాంతో యాభై మిల్లీగ్రాముల పైన నత్రజని కలుస్తుంది. గుడ్డు వాసన రాలేదు. థర్మామీటర్ ఇప్పుడు తెట్టులోనే ఉంటుంది, చార్టులో ‘పైన’, ‘కింద’ అని రెండు గడులు. పాల క్యాన్లు ముందే కడిగి పెట్టుకున్నాం. ఒక్క మధ్యాహ్నం పైన 32 దాటితే దించాం, అంతే. అర్ధరాత్రి తెట్టు ముంచడం ఒకటి కొత్తగా పెట్టాం, దానికి కాకా అదనంగా అడిగిన కూలి ఇచ్చాం. చవక వైన్ కదా అని ఆయన కూలిలో తగ్గించే ఆలోచన ఒకటి వచ్చింది, ఎవరికి వచ్చిందో రాయను.

కాయ 24.2 దగ్గర కోశాం. తొమ్మిదో రోజు పొద్దున ఆ అమ్మాయి సిలిండర్ ఎత్తి పట్టుకుని, “మైనస్ ఒకటిన్నర సార్” అంది. వోలటైల్ ఆసిడిటీ 0.4. ఎర్ర వైన్‌లో చక్కెర అయిపోయాక మనకి కావలసిన రెండో మార్పు, అంటే చురుకైన మాలిక్ ఆమ్లం మెత్తటి లాక్టిక్‌గా మారడం, ఏప్రిల్ మధ్యకి అయిపోయింది. కాగితం క్రొమటోగ్రఫీలో మాలిక్ చుక్క మాయమైంది.

క్రేట్ల సంగతి మాత్రం ఇంకా పూర్తిగా తేలలేదు. ఎగుమతి కోతలతో పోటీ ప్రతి ఏడూ ఉంటుంది. ఈసారి అక్టోబరు కత్తిరింపు అయిన వారంలోనే 250 క్రేట్లకి అడ్వాన్స్ కట్టేశాం. కోత కూలీల మేస్త్రీకి కూడా కొంత ఇచ్చాం. రసీదు అడిగితే నవ్వాడు.